క్రాంక్‌షాఫ్ట్ మీద వింత గుర్తులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెద్ద డీజిల్ ఇంజన్ల క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ప్రధాన ఇరుసు) అరుగుదల గురించే. కొన్ని ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి కాబట్టి, వాటిని కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: ఆరు సిలిండర్లు వరసగా ఉన్న ఫోర్ స్ట్రోక్ ఇంజన్. మెయిన్ జర్నల్ (షాఫ్ట్ మెయిన్ బేరింగ్‌లో కూర్చుని తిరిగే గుండ్రటి భాగం) వ్యాసం 240 మి.మీ. ఓవర్‌హాల్‌కి విప్పితే ఏడు మెయిన్ జర్నళ్లలో ఆరు బాగానే ఉన్నాయి. నాలుగోది మాత్రం చుట్టుకొలతలో మూడో వంతు మేర అద్దంలా మెరుస్తోంది, ఆ మెరుపులో సన్నటి గీతలున్నాయి. మిగతా రెండు వంతులు మామూలుగానే ఉంది. దాని షెల్స్ (జర్నల్‌ను పట్టుకునే బేరింగ్ అర చిప్పలు) మాత్రం పైదీ కిందదీ చుట్టూ సమంగా అరిగాయి. ఒకరు నూనెలో చెత్త అంటున్నారు, ఇంకొకరు అలైన్‌మెంట్ (బేరింగ్‌లన్నీ ఒకే వరసలో ఉండటం) పోయిందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: మీరు రాసిన గుర్తులు ఆ రెండింటికీ సరిపోవు. నూనెలో చెత్త వస్తే అది ఒక్క జర్నల్‌నే ఎంచుకోదు. పైగా చెత్త గీసిన గీతలు జర్నల్ చుట్టూ తిరుగుతాయి, మూడో వంతుకొచ్చి ఆగిపోవు. అలైన్‌మెంట్ సంగతీ అంతే. ఆ బేరింగ్ బోరు (షెల్స్ కూర్చునే రంధ్రం) పక్కవాటి కంటే ఎత్తులోనో పల్లంలోనో ఉంటే షెల్‌లో ఒకే చోట బరువు పడుతుంది. షాఫ్ట్ తిరుగుతూ ఉంటుంది కాబట్టి దాని ఒళ్లంతా వంతులవారీగా ఆ చోటికి వచ్చి రాసుకుంటుంది. అప్పుడు షెల్‌లో మచ్చ ఒకచోటే ఉంటుంది, షాఫ్ట్ మాత్రం చుట్టూ మెరుస్తుంది. మీ దగ్గర దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంది.

షాఫ్ట్‌ను ఒక్కదాన్నే చూస్తే ఏ గుర్తూ అర్థం కాదు. షెల్‌ను పక్కన పెట్టుకుని రెండింటినీ జంటగా చదవాలి. షాఫ్ట్ మీద ఒకేచోట, షెల్‌లో చుట్టూ గుర్తుంటే తప్పు షాఫ్ట్‌తో పాటే తిరుగుతోందని అర్థం. షాఫ్ట్ చుట్టూ, షెల్‌లో ఒకచోట ఉంటే తప్పు కదలకుండా బ్లాకులోనో, బోరులోనో, షెల్ వెనక ఇరుక్కున్న రజనులోనో ఉంది. రెండింటిలోనూ ఒక్కో చోటే ఉంటే అది ప్రతిసారీ ఒకే క్షణంలో పడుతున్న దెబ్బ, అంటే దాదాపు ఎప్పుడూ పక్క సిలిండర్ ఫైరింగే. రెండూ చుట్టూ అరిగితే అప్పుడు నూనెను, ఫిల్టర్‌ను అనుమానించండి.

కాబట్టి మీ నాలుగో జర్నల్‌ను ఏదో ఒక బలం ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతోంది. ఏ పక్కకో తేల్చుకోండి. మెరుపు మధ్య బిందువును చాక్‌తో గుర్తుపెట్టి, అది మూడు, నాలుగు సిలిండర్ల క్రాంక్‌పిన్‌లు (కనెక్టింగ్ రాడ్‌లు పట్టుకునే పిన్నులు) ఉన్న వైపో, వాటికి ఎదురు వైపో చూడండి. ఆరు సిలిండర్ల వరస ఇంజన్‌లో 1–6, 2–5, 3–4 జంటలుగా ఒకే దిశలో ఉంటాయి. నాలుగో మెయిన్ బేరింగ్‌కు అటూ ఇటూ ఉన్న రెండు క్రాంకులూ ఒకే వైపు తిరిగి ఉండటంతో వాటి అపకేంద్ర బలాలు అక్కడ కలిసిపోతాయి. మిగతా నడిమి బేరింగ్‌ల దగ్గర క్రాంకుల మధ్య 120 డిగ్రీల ఎడం ఉంటుంది, బలాలు కొంత చెదురుతాయి. అందుకే ఈ రకం ఇంజన్‌లో నడిమి జర్నల్ క్రాంక్‌పిన్ వైపు కాస్త ఎక్కువ మెరవడం సహజం. అయితే షెల్ పైపూత పోయేంతగా, గీతలు పడేంతగా మెరవడం సహజం కాదు.

క్రాంక్‌పిన్ వైపే మెరుస్తుంటే ముందు 3, 4 సిలిండర్ల వెబ్‌ల (జర్నల్‌నూ క్రాంక్‌పిన్‌నూ కలిపే చేతుల) కౌంటర్‌వెయిట్‌లు (వాటికి బిగించే ఎదురు బరువులు) చూడండి. గత ఓవర్‌హాల్‌లో విప్పారా? విప్పితే ఏది ఏ వెబ్‌దో అక్కడికే వెళ్లిందా? బోల్టులు వదులయ్యాయా? కౌంటర్‌వెయిట్ కూర్చునే ముఖం మీద కోకో పొడి రంగులో సన్నటి రజను కనిపిస్తే అది లోపల లోపల కదులుతోందన్నమాట. ఇంజన్ ఎప్పుడైనా ఓవర్‌స్పీడ్‌కు వెళ్లిందేమో లాగ్‌బుక్ తిరగేయండి. అపకేంద్ర బలం వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం పది శాతం పెరిగితే బలం ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది.

క్రాంక్‌పిన్‌కు ఎదురు వైపు మెరుస్తుంటే, లేదా రెంటికీ సంబంధం లేని ఏదో కోణంలో ఉంటే, షాఫ్ట్ వంగిందేమో చూడాలి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నాలుగో జర్నల్ మీద డయల్ గేజ్ పెట్టి, కింది షెల్ అలాగే ఉంచి తిప్పుతారు. షాఫ్ట్ తన బరువుతో ఆ షెల్‌లోకి వంగి కూర్చుంటుంది, వంకర దాక్కుంటుంది. మాన్యువల్ ఒప్పుకున్న మేరకు ఆ ఒక్క బేరింగ్ కింది షెల్ తీసేసి, నూనె పెట్టి, టర్నింగ్ గేర్‌తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. షాఫ్ట్ బ్లాకు కింద వేలాడే రకమైతే ఆ క్యాప్ దించితే చాలు. గేజ్ మొనను అరిగిన చోట పెట్టవద్దు, ఫిల్లెట్ (జర్నల్ వెబ్‌ను కలిసే మూల వంపు) పక్కన షెల్ తాకని సన్నటి అంచు మీద పెట్టండి. ఒక చుట్టులో ముల్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతే అది వంకర. రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి పోతే జర్నల్ కోడిగుడ్డు ఆకారంలోకి అరిగింది. వంకరా అరుగుదలా వేర్వేరు జబ్బులు, మందులూ వేరే.

వెబ్‌ల మధ్య డిఫ్లెక్షన్ (షాఫ్ట్ తిరిగేకొద్దీ రెండు వెబ్‌ల ఎడంలో వచ్చే తేడా) కూడా తీయండి. కింది డెడ్ సెంటర్ దగ్గర కనెక్టింగ్ రాడ్ అడ్డొస్తుంది కాబట్టి అక్కడ ఒకటికి బదులు అటొకటి, ఇటొకటి తీసుకుని మొత్తం ఐదు చోట్ల రాసుకోవాలి. బయల్దేరిన చోటికి తిరిగి వచ్చాక ముల్లు సున్నా చూపకపోతే ఆ కొలతలన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టండి. షాఫ్ట్ బెడ్‌ప్లేట్‌లో కూర్చునే రకమైతే, ప్రతి జర్నల్ కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పలుచటి రేకు) దూరడం లేదని ముందే చూసుకోవాలి. దూరితే ఆ జర్నల్ గాలిలో వేలాడుతోంది, డిఫ్లెక్షన్ ఎంత బాగున్నా ఆ అంకెకు విలువ లేదు.

ప్రశ్న: జనరేటర్ సెట్. ఆల్టర్నేటర్‌కు దగ్గరగా ఉన్న చివరి మెయిన్ జర్నల్ మీద గీతల్లేవు. కానీ గరుకు గాజులా మసకబారిన పట్టీ ఉంది, షెల్ కూడా అదే తీరులో మసకగా ఉంది. నూనె పరీక్షలో నీరు లేదు, టీబీఎన్ (ఆమ్లాన్ని విరిచే శక్తి నూనెలో ఎంత మిగిలిందో చెప్పే అంకె) బాగుంది. ఆమ్లం తిన్నదంటారా?

జవాబు: ఆమ్లం తింటే నూనె పరీక్షలో తెలిసేది, మిగతా జర్నళ్ల మీదా ఎంతో కొంత కనిపించేది. మీ వివరాలను బట్టి ఎక్కువ అనుమానం షాఫ్ట్ గుండా పోతున్న కరెంటు మీదే.

పది రెట్ల భూతద్దం తీసుకుని, టార్చ్‌ను పక్కనుంచి వాలుగా పట్టి చూడండి. ఆమ్లం తిన్న గుంటలు వంకరటింకరగా, నల్లటి అడుగుతో ఉంటాయి. నిప్పురవ్వ గుంటలు గుండ్రంగా ఉంటాయి, అంచు కరిగి గట్టు కట్టినట్టుంటుంది. అలాంటివి వేలకు వేలు పక్కపక్కనే ఉంటే కంటికి అదే మసకగా కనిపిస్తుంది. నూనె పొర మందం కొన్ని మైక్రాన్లే. ఆ సందులో రవ్వ ఎగరడానికి పెద్ద వోల్టేజీ అక్కర్లేదు. ఓడల ప్రొపెల్లర్ షాఫ్ట్‌లకు ఎర్తింగ్ బ్రష్ పెట్టి, షాఫ్ట్‌కూ హల్‌కూ మధ్య 50 మిల్లీవోల్టులు దాటకుండా కాపలా కాసేది ఇందుకే.

ఆల్టర్నేటర్‌లో అయస్కాంత క్షేత్రం కాస్త అటూ ఇటూ అయినా షాఫ్ట్‌లో వోల్టేజీ పుడుతుంది. అది షాఫ్ట్ వెంట మీ చివరి బేరింగ్ గుండా బ్లాకులోకి, బేస్ ఫ్రేమ్ మీదుగా ఆల్టర్నేటర్ వెనక బేరింగ్‌కు, అక్కడి నుంచి మళ్లీ షాఫ్ట్‌లోకి చుట్టు తిరుగుతుంది. ఈ చుట్టును తెంచడానికే వెనక బేరింగ్‌కు ఇన్సులేషన్ పెడతారు. అది చెడిపోవడం కంటే, దాన్ని దాటి ఏదో తగులుకోవడమే ఎక్కువగా జరుగుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్ తొడుగు, నూనె పైపు, బేరింగ్ చుట్టూ పేరుకున్న కార్బన్ పొడి, ఎవరో మార్చేసిన మామూలు బోల్టు, వీటిలో ఏదైనా కావచ్చు.

మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టేముందు ఒకటి గుర్తుంచుకోండి. కప్లింగ్ కలిపి ఉండగా షాఫ్ట్ ఇంజన్ బేరింగ్‌ల ద్వారా ఎటూ ఎర్త్ అయ్యే ఉంటుంది. ఇన్సులేషన్ భేషుగ్గా ఉన్నా మీటర్ సున్నా చూపుతుంది, బాగున్న ఇన్సులేషన్‌ను మార్చేస్తారు. కప్లింగ్ విడదీసి, ఎలక్ట్రానిక్ పరికరాల తీగలు తప్పించాకే కొలవాలి. సింగిల్ బేరింగ్ ఆల్టర్నేటర్ అయితే, విప్పిన రోటర్‌ను ఇంజన్ వైపు ఇన్సులేటింగ్ షీటు మీద ఆనించాలి.

ఈమధ్య సెట్ మీద వెల్డింగ్ చేశారేమో కూడా అడగండి. వెల్డింగ్ రిటర్న్ క్లాంపును పని జరిగే చోట కాకుండా బేస్ ఫ్రేమ్ అవతలి కొసన తగిలిస్తే కరెంటు బేరింగ్‌ల గుండా పోతుంది. అది ఒక్కరోజు పని కాబట్టి గుర్తులు ఒకే చోట, కాస్త పెద్ద గుంటలుగా ఉంటాయి. ఆల్టర్నేటర్ కరెంటు రోజూ పోతుంది కాబట్టి పట్టీలా పరుచుకుంటుంది. కారణం కనుక్కోకుండా జర్నల్ పాలిష్ చేసి కొత్త షెల్ వేస్తే ఆ షెల్ కూడా అలాగే పోతుంది.

ప్రశ్న: పాత షెల్స్‌కు పైనా కిందా నూనె గాడి ఉండేది. కొత్తగా వచ్చినవాటిలో కింది షెల్‌కు గాడి లేదు. జర్నల్ మధ్యలో గాడి వెడల్పున ఒక పట్టీ కాస్త ఉబ్బెత్తుగా తగులుతోంది, కొలిస్తే 0.02 మి.మీ. ఇంత చిన్నదానికి భయపడాలా?

జవాబు: భయపడాల్సిందే. ఆ పట్టీ ఉబ్బలేదు, దానికి అటూ ఇటూ ఉన్న భాగం అరిగి దిగిపోయింది. గాడి ఎదురుగా ఉన్న చోట లోహమేదీ తాకలేదు కాబట్టి అది అసలు కొలతలోనే మిగిలింది. గాడి లేని షెల్ వేస్తే బరువంతా ఆ ఇరుకు పట్టీ మీదే పడుతుంది. 0.02 మి.మీ. అంటే 20 మైక్రాన్లు, బరువు పడే చోట నూనె పొర మందం కంటే ఎన్నో రెట్లు. మూడు పొరల షెల్స్ మీది మెత్తటి పైపూత మందం కూడా సుమారు 20 నుంచి 40 మైక్రాన్లే. కొద్ది గంటల్లో ఆ పూత మధ్యలో చారలా చెరిగిపోయి కింది లోహం బయటపడుతుంది. పాత రకం షెల్స్ తెప్పించుకోండి. లేదంటే జర్నల్‌ను అండర్‌సైజ్‌కు గ్రైండ్ చేయించండి. పట్టీని మాత్రమే రాపిడి బెల్టుతో దించుదామనుకుంటే, దించిన తర్వాత పక్క భాగం కొలత కనీస పరిమితి లోపల ఉందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌పిన్‌ను పట్టుకునే కొస) పై షెల్‌లో ముందు అంచు, కింది షెల్‌లో వెనక అంచు నల్లబడి మెరుస్తున్నాయి. క్రాంక్‌పిన్ రెండు చివర్లా అరిగింది, మధ్యలో బాగుంది.

జవాబు: కనెక్టింగ్ రాడ్ వంగింది. అరుగుదల ఇలా ఐమూలగా ఉంటే వేరే కారణం వెతకడం దండగ. పిస్టన్ స్కర్ట్ మీద కూడా ఒక పక్క పైన, ఎదురు పక్క కింద రాపిడి కనిపిస్తుంది. రాడ్ రెండు బోర్లలో మాండ్రెల్‌లు (సరిగ్గా పట్టే నిటారు కడ్డీలు) పెట్టి అవి సమాంతరంగా ఉన్నాయో లేదో చూడండి. సిలిండర్‌లోకి నీళ్లు చేరిన రోజు స్టార్ట్ చేశారేమో కూడా కనుక్కోండి.

ప్రశ్న: స్టాండ్‌బై ఇంజన్ నెలల తరబడి ఆగి ఉంది. జర్నళ్ల మీద, షాఫ్ట్ పొడవునా, ఎదురెదురుగా రెండు నల్లటి గీతలున్నాయి. తిరిగే షాఫ్ట్ మీద నిలువు గీతలు ఎలా పడ్డాయి?

జవాబు: అవి తిరిగేటప్పుడు పడినవి కావు. ఆగి ఉన్నప్పుడు నూనెలోని నీరు దిగి షెల్స్ రెండూ కలిసే అతుకు దగ్గర నిలుస్తుంది. షాఫ్ట్ కదలకుండా ఉంటుంది కాబట్టి తుప్పు కూడా అదే గీత వెంట పడుతుంది. షెల్స్ మళ్లీ అమర్చి, షాఫ్ట్‌ను ఆగి ఉన్న స్థానానికి తిప్పండి. గీతలు అతుకులకు ఎదురుగా వస్తే అనుమానం తీరినట్టే.

గోరు ఆనిస్తే తగలనంత లోతైతే పాలిష్‌తో పోతుంది. గోరు ఆగితే, ఆ చోటు ఫైరింగ్ సమయంలో బరువు మోసే వైపు వస్తుందో లేదో లెక్కవేసి, వస్తే గ్రైండింగ్‌కు పంపండి. నూనెలో నీరు 0.2 శాతం దాటితే సెపరేటర్‌కు (నూనెనుంచి నీటిని వేరుచేసే యంత్రానికి) పని పెట్టండి. వారానికొకసారి ప్రీలూబ్ పంపు (ఇంజన్ ఆగి ఉండగా నూనె పంపేది) నడిపి, షాఫ్ట్‌ను టర్నింగ్ గేర్‌తో కొన్ని చుట్లు తిప్పి, ప్రతిసారీ వేరే కోణంలో ఆపండి. రెండు చుట్లు తిప్పి మళ్లీ అదే గుర్తు దగ్గర ఆపేవాళ్లున్నారు. దానివల్ల నూనె పొర కొత్తదవుతుంది గానీ నీరు మళ్లీ పాత గీత దగ్గరే చేరుతుంది.

ప్రశ్న: ఒక బిగ్ ఎండ్ పట్టేసింది. క్రాంక్‌పిన్ మీద అతుక్కున్న లోహం తీసేశాం, కింద నీలం, గోధుమ రంగు చారలున్నాయి. పాలిష్ చేసి కొత్త షెల్ వేసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ రంగు దేనిదో తేల్చండి. మాడిన నూనె పొర కూడా గోధుమ రంగులోనే ఉంటుంది. సాల్వెంట్‌తో గట్టిగా తుడిస్తే పోయేది నూనె పొర, పోనిది ఉక్కు రంగు. మామూలు ఉక్కు సుమారు 220 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగుకు, 300 డిగ్రీల దగ్గర నీలానికి తిరుగుతుంది. అయితే పైన కనిపించే రంగు కథంతా చెప్పదు. రాపిడి జరిగిన క్షణంలో పైపొర అంతకంటే ఎంతో ఎక్కువ వేడెక్కి, వెంటనే చుట్టూ ఉన్న చల్లటి లోహం వల్ల చల్లారి, గాజులా పెళుసుగా గట్టిపడి ఉండవచ్చు.

అందుకే పోర్టబుల్ హార్డ్‌నెస్ టెస్టర్‌తో పిన్ చుట్టూ ఎనిమిది చోట్ల, పొడవులో మూడు చోట్ల కొలిచి కాగితం మీద పటంలా రాసుకోండి. హార్డెనింగ్ చేయని షాఫ్ట్‌లో 250–300 బ్రినెల్ (కాఠిన్యం కొలమానం) ఉన్నచోట ఒక్కచోట 400 దాటితే అక్కడే పగుళ్లుంటాయి. ఈ వేడి పగుళ్లు ఎండిన చెరువు మట్టిలా, చాలావరకు షాఫ్ట్ పొడవున ఉంటాయి. కంటికి కనిపించవు. మాగ్నెటిక్ పార్టికల్ పరీక్షను (అయస్కాంతీకరించి, ఇనుప పొడితో పగుళ్లు చూసేది) రెండు దిశల్లోనూ అయస్కాంతీకరించి చేయాలి, ఒక దిశలోనే చేస్తే దానికి సమాంతరంగా ఉన్న పగుళ్లు తప్పించుకుంటాయి. ఆయిల్ హోల్ అంచునుంచి 45 డిగ్రీల వాలులో పగులు కనిపిస్తే అది వేడి పని కాదు, టార్షన్ (మెలితిప్పే బలం) వల్ల వచ్చిన అలసట. అప్పుడు ఆ షాఫ్ట్‌ను మళ్లీ వాడే ఆలోచన మాని, వైబ్రేషన్ డాంపర్‌ను తనిఖీకి పంపండి.

వేడి పగుళ్లే అయితే, గ్రైండ్ చేస్తూ ప్రతి దశలోనూ కాఠిన్యం, పగుళ్లు మళ్లీ చూడాలి. రెండూ మామూలయ్యే లోపే అండర్‌సైజ్ పరిమితి దాటితే ఇంక ఆశ వదులుకోవాలి. నైట్రైడ్ చేసిన (నైట్రోజన్‌తో పైపొర గట్టిపరిచిన) షాఫ్ట్ అయితే గట్టి పొర మందం మిల్లీమీటరులో కొన్ని పదో వంతులే. అది గ్రైండింగ్‌లో పోతే షాఫ్ట్ బయటకు తీసి మళ్లీ నైట్రైడ్ చేయించాల్సిందే. పరీక్ష అయ్యాక డీమాగ్నెటైజ్ చేయించడం మరవద్దు, లేకపోతే ఇనుప రజనును షాఫ్టే పిలిచి అతికించుకుంటుంది. అదే రాడ్ బిగ్ ఎండ్ బోరు గుండ్రంగా ఉందో లేదో చూసి, బోల్టులు కొత్తవి వేయండి.

ప్రశ్న: గ్రైండింగ్ చేయించి తెచ్చిన జర్నల్ మీద వెలుతురు వాలుగా పడితే షాఫ్ట్ పొడవునా, సమాన దూరంలో సన్నటి చారలు కనిపిస్తున్నాయి. పాలిష్‌తో సరిపెట్టుకోవాలా?

జవాబు: గ్రైండింగ్ చక్రం వణికిన గుర్తులవి. చారల మధ్య దూరం సమానంగా ఉండటమే రుజువు, అరుగుదల ఎప్పుడూ అంత క్రమంగా రాదు. పాలిష్ చేస్తే మెరుస్తుంది గానీ అల అలాగే ఉంటుంది. వెనక్కి పంపండి. తిరిగి తీసుకునేటప్పుడు నునుపు 0.2–0.4 మైక్రాన్ ఆర్.ఎ. (ఉపరితలం సగటు గరుకుదనం) మధ్య ఉందో, ఫిల్లెట్ వంపు తగ్గకుండా ఉందో చూడండి. గ్రైండింగ్ షాఫ్ట్ ఇంజన్‌లో తిరిగే దిశకు ఎదురుగా, ఆఖరి పాలిష్ తిరిగే దిశలోనే జరగాలి. అప్పుడే కంటికి కనిపించని లోహపు ముళ్లు షెల్‌ను గీరకుండా పడుకుంటాయి. పోత ఇనుప షాఫ్ట్‌లకు ఇది ఇంకా ముఖ్యం.

ప్రశ్న: ఒకే జర్నల్ పొద్దున కొలిస్తే ఒక అంకె, మధ్యాహ్నం కొలిస్తే ఇంకో అంకె. మైక్రోమీటర్ పాడైందా?

జవాబు: షాఫ్ట్ వేడెక్కింది. ఉక్కు ఒక మీటరుకు, ఒక డిగ్రీకి సుమారు 12 మైక్రాన్లు పెరుగుతుంది. 240 మి.మీ. జర్నల్ పది డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.03 మి.మీ. తేడా. అరిగిందా లేదా అని తేల్చే అంకె కూడా తరచు అంతే ఉంటుంది. మాన్యువల్‌లోని కొలతలు 20 డిగ్రీలకు. మైక్రోమీటర్‌ను, దాని సెట్టింగ్ కడ్డీని రాత్రంతా షాఫ్ట్ పక్కనే ఉంచి పొద్దున్నే కొలవండి. మైక్రోమీటర్ ఫ్రేమును ఒట్టి చేత్తో ఎక్కువసేపు పట్టుకోవద్దు. ప్రతి జర్నల్ పొడవులో మూడు చోట్ల, ఒక్కోచోట 45 డిగ్రీల ఎడంగా నాలుగు కోణాల్లో కొలిచి, పక్కనే ఉష్ణోగ్రత కూడా రాయండి.